చెన్నైలో చిన్న తెలుగు ప్రచురణ: ఎక్స్‌ఎంఎల్ నుంచి పీడీఎఫ్‌కు ఏ దారి చవక?

చెన్నైకి ఒక విచిత్రమైన ఘనత ఉంది. ఇంగ్లండు, అమెరికా ప్రచురణ సంస్థలు వెలువరించే శాస్త్ర పత్రికల పేజీలు ఎన్నో ఈ నగరంలోని కార్యాలయాల్లోనే తయారవుతాయి. అక్కడికి వచ్చిన వ్యాసం ముందు ఎక్స్‌ఎంఎల్ అవుతుంది, అంటే ఏ భాగం ఏమిటో చెప్పే గుర్తులు పెట్టిన పాఠం అవుతుంది. తర్వాత ఆ ఒక్క మూలం నుంచే అచ్చుకు పీడీఎఫ్, వెబ్‌కు పేజీ పుడతాయి. ఆ పని చేసే బల్లల దగ్గర తెలుగువారూ ఉన్నారు. అదే నగరంలో ఒక తెలుగు కథాసంపుటి వేయాలంటే మాత్రం పాత విండోస్ కంప్యూటర్‌లో పేజ్‌మేకర్ తెరిచి, అను ఫాంట్లలో కొట్టించడం ఇంకా పోని అలవాటు. పేజ్‌మేకర్ చివరి సంచిక 7.0 వచ్చింది 2001లో. రచ్చ గెలిచిన విద్య ఇంట్లోకి ఇంకా అడుగుపెట్టలేదు.

1854లో వావిళ్లవారి ముద్రణ మొదలైన ఊరు, 1914లో బొంబాయి నుంచి వచ్చి ఆంధ్రపత్రిక దినపత్రికగా మారిన ఊరు, 1947లో చందమామ పుట్టిన ఊరు ఇది. ఇప్పుడు ఇక్కడ తెలుగు పుస్తకం వేయడమంటే చాలావరకు ఒకరిద్దరి ఓపిక: ఏడాదికి రెండు మూడు శీర్షికలు, కొన్ని వందల ప్రతులు, రచయితే ప్రూఫులు దిద్దుకోవడం. అటువంటి ప్రచురణకు ఎక్స్‌ఎంఎల్ అవసరమా, అవసరమైతే పీడీఎఫ్ దాకా ఏ దారిలో వెళ్తే చేతి డబ్బు మిగులుతుంది అన్నదే ఇక్కడి ప్రశ్న. ఈ లెక్కలో సాఫ్ట్‌వేర్ ధర కన్నా బరువైనవి రెండున్నాయి. ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు రాయడం వచ్చా అన్నది ఒకటి, పదేళ్ల తర్వాత రెండో ముద్రణకు పాఠం చేతికి దొరుకుతుందా అన్నది మరొకటి.

రెండోదాని సంగతి ముందు చూడాలి, ఎందుకంటే డబ్బు నిజంగా కారిపోయేది అక్కడే. అను వంటి పాత ఫాంట్లు యూనికోడ్ (ప్రతి లిపి అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే ప్రమాణం) కావు. వాటి ఫైలులో ఉండేది తెలుగు అక్షరం కాదు, ఇంగ్లిషు అక్షర స్థానాల్లో దాచిపెట్టిన తెలుగు అక్షరపు ముక్కలు. తలకట్టు ఒక చోట, గుణింతపు కొమ్ము ఇంకో చోట, ఒత్తు మరో చోట ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే కనిపించేది అర్థంలేని గీతల వరుస. యూనికోడ్‌లోకి మార్చే పరికరాలు ఉన్నాయి. అయితే మార్చిన ప్రతి పేజీనీ మళ్లీ ప్రూఫు చూడాల్సిందే. పీడీఎఫ్ నుంచి పాఠం వెనక్కి లాగడం ఇంకా కష్టం. పీడీఎఫ్‌లో ఉండేవి ఆకారాలు. ఏ ఆకారం ఏ అక్షరాల కలయికో చెప్పే పట్టిక లోపల సరిగా లేకపోతే, కాపీ చేసిన మాటలో ఒత్తులు ముందుకూ గుణింతాలు వెనక్కూ దొర్లుతాయి. అందుకే ఒకసారి అచ్చయిన పుస్తకాన్ని మళ్లీ మొదటి నుంచి కంపోజ్ చేయించిన సందర్భాలు తెలుగు ప్రచురణలో కొల్లలు. ఒకే పాఠానికి రెండుసార్లు కూలి, రెండుసార్లు అచ్చుతప్పులు.

ఎక్స్‌ఎంఎల్ ఈ చోటే అక్కరకు వస్తుంది. 1998లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ప్రమాణంగా వెలువరించిన ఈ పద్ధతిలో పాఠం ఎలా కనబడాలో రాయరు, ఏది ఏమిటో రాస్తారు. ఇలా:

<పేరా>ఆ రోజుల్లో <స్థలం>మౌంట్ రోడ్డు</స్థలం><జ్ఞాపిక>ఇప్పటి అణ్ణా సాలై.</జ్ఞాపిక> మీద ట్రాములు తిరిగేవి.</పేరా>

జ్ఞాపిక పేజీ అడుగున రావాలా, అధ్యాయం చివర రావాలా, ఫోను తెర మీద వేలు పెడితే తెరుచుకోవాలా అన్నది ఈ వాక్యానికి తెలియదు, తెలియనవసరం లేదు. ఆ తీర్పు శైలి ఫైలుది, అంటే పేజీ రూపం నియమాలు విడిగా రాసుకున్న ఫైలుది. ట్యాగుల (కోణపు బ్రాకెట్లలోని ఈ గుర్తుల) పేర్లు ఇలా తెలుగులోనే పెట్టుకున్నా ప్రమాణం అడ్డుచెప్పదు. అయినా ఆచరణలో టీఈఐ (టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్) పేర్లు వాడుకోవడం మేలు. సాహిత్యం, భాష, చరిత్ర వంటి విషయాల పాఠాల కోసం 1987లో మొదలైన ఆ ప్రమాణంలో పద్యపాదానికి, నాటకంలో పాత్ర పేరుకు, పాఠాంతరానికి ముందే గుర్తులున్నాయి. మొత్తం టీఈఐ మహాసముద్రం. కథలు, కవితలు, వ్యాసాలు వేసే వారికి అందులోంచి ఇరవై ముప్పై ట్యాగులు తీసుకుంటే సరిపోతుంది. ముప్పై దాటిందంటే పుస్తకం వేసే పని పక్కకు పోయి ట్యాగులు పెట్టే పనే మిగులుతుంది.

ఇక తెలుగు రాయడం సంగతి. ఏ సాధనం గొప్పదో చెప్పే ప్రకటనలు చదవడం కన్నా 'స్త్రీ', 'సాఫ్ట్‌వేర్', 'అగ్నిహోత్రుఁడు' అన్న మూడు మాటలు దానికిచ్చి చూడటం ఉత్తమం. 'స్త్రీ'లో సకారం కింద తకారపు ఒత్తు, దాన్ని ఆనుకుని రేఫ ఒత్తు, పైన దీర్ఘపు గుడి. ఇవన్నీ వాటి వాటి చోట కూర్చోవాలంటే ఫాంటులోని ఓపెన్‌టైప్ నియమాలను చదివి అమలుచేసే యంత్రం సాధనం లోపల ఉండాలి. హార్ఫ్‌బజ్ అటువంటిది, ఉచితం, తెలుగుకు నమ్మదగినది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ వాడేది దాన్నే. కనుక కొత్త సాధనం గురించి మొదట అడగవలసింది అది హార్ఫ్‌బజ్ వాడుతుందా అని. ఆ ఒక్క ప్రశ్నతో సగం అభ్యర్థులు వడపోతలో పోతారు.

రెండో మాటలో కనిపించని అక్షరం ఒకటుంది. టకారపు పొల్లుకూ వకారానికీ మధ్య అతుకును తెంచే ఆ గుర్తు లేకపోతే 'సాఫ్ట్వేర్' అని వకారం కిందికి దిగిపోతుంది. పాత ఫాంటు నుంచి మార్చినప్పుడు, వర్డ్ నుంచి తెచ్చినప్పుడు, ఖాళీలు శుభ్రం చేసే ఏదో స్క్రిప్టు నడిపినప్పుడు మొదట మాయమయ్యేది ఇదే. మూలం ఎక్స్‌ఎంఎల్‌లో ఉంటే అటువంటి చోట్లన్నీ ఒక్క వెతుకులాటలో బయటపడతాయి. మూడో మాట పాత గ్రంథాలు వేసేవారికి. అరసున్న చాలా ఫాంట్లలో ఉంది గానీ, చ-జల దంత్య రూపాలు ౘ, ౙ యూనికోడ్‌లోకి 2008లో వచ్చాయి. నకారపొల్లు గుర్తు 2021లో చేరింది. ఫాంటు అంతకు ముందుదైతే ఆ అక్షరం స్థానంలో ఖాళీ డబ్బా అచ్చవుతుంది. అది ప్రూఫులో కంటబడితే అదృష్టం.

అధ్యాయం తొలి అక్షరాన్ని పెద్దది చేసే ముచ్చట ఉన్నవారు ఇంకొంచెం జాగ్రత్తపడాలి. 'క్షమ' అన్న మాటతో మొదలయ్యే అధ్యాయంలో కొన్ని సాధనాలు పొల్లు దాకానే ఒక అక్షరంగా లెక్కించి, 'క్'ను పెద్దదిగా, 'ష'ను చిన్నదిగా విడదీస్తాయి. సంయుక్తాక్షరాన్ని తెలుగులో విడగొట్టకూడదన్న నియమం యూనికోడ్ లెక్కింపులోకి చేరింది 2023లో, 15.1 సంచికతో. సాధనాలన్నీ దాన్ని అందుకునే దాకా తొలి అక్షరాన్ని ప్రత్యేకమైన ట్యాగులో చేత్తో పెట్టడమే క్షేమం. లేదా ఆ ముచ్చట మానుకోవచ్చు, పుస్తకానికి వచ్చే నష్టమేమీ లేదు.

ఫాంట్ల విషయంలో కాలం మారింది. పోతన, వేమన ఫాంట్లు చాలాకాలంగా ఉచితంగా దొరుకుతున్నాయి. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, సూరన్న, రామభద్ర, గురజాడ వంటివి, గూగుల్ వారి నోటో సెరిఫ్ తెలుగు స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చాయి. వాటిని పీడీఎఫ్‌లో పొదిగి పుస్తకం అమ్ముకున్నా ఎవరికీ రుసుము కట్టనక్కర్లేదు. ఖర్చులో ఒక పద్దు ఇక్కడే కొట్టివేయవచ్చు.

దారులు మూడు నాలుగున్నాయి. వాటిలో మొదటిది ఎక్స్‌ఎస్‌ఎల్-ఎఫ్‌ఓ అనే పేజీ వర్ణన భాష, 2001లో ప్రమాణమైంది. దీన్ని నడిపే ఉచిత సాధనం అపాచీ ఎఫ్‌ఓపీ. చెన్నై ఐటీ ఉద్యోగులు చాలామందికి ఇది బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ముద్రించిన పరిచయంతో తెలిసినదే కావడంతో 'అదే వాడేద్దాం' అన్న సలహా తేలికగా వస్తుంది. తెలుగు సాహిత్యానికి ఆ సలహా పనికిరాదు. ఎఫ్‌ఓపీ హార్ఫ్‌బజ్‌ను వాడదు, సంక్లిష్ట లిపులకు దాని సొంత పద్ధతి దానిది. పైగా భాషగా ఎక్స్‌ఎస్‌ఎల్-ఎఫ్‌ఓ ఎదుగుదల చాలా ఏళ్ల క్రితమే ఆగిపోయింది. అదే దారిలో యాంటెన్నా హౌస్ వంటి వాణిజ్య సాధనాలు దిట్టమైనవే, ధరలు మాత్రం పెద్ద సంస్థల కోసం పెట్టినవి.

రెండో దారి వెబ్ పేజీల శైలి భాష సీఎస్‌ఎస్‌తోనే పుస్తకం పేజీలు కట్టడం. ఎక్స్‌ఎంఎల్‌ను ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ అనే మార్పిడి భాషతో హెచ్‌టీఎంఎల్‌గా మార్చి, దానికి సీఎస్‌ఎస్ తగిలిస్తే పీడీఎఫ్ వస్తుంది. అదే హెచ్‌టీఎంఎల్‌తో ఈ-పుస్తకమూ తయారవుతుంది గనుక ఒక దెబ్బకు రెండు పిట్టలు. ఇందులో వీజీప్రింట్ పైథాన్‌లో రాసిన ఉచిత సాధనం. అక్షరాల అమరికకు పాంగో అనే ఇంకో ఉచిత సాధనం ద్వారా హార్ఫ్‌బజ్‌నే వాడుతుంది. పేజీ పైన అధ్యాయం పేరు, విషయసూచికలో పేజీ సంఖ్యలు, పేజీ అడుగున జ్ఞాపికలు, కటింగు గుర్తులు అన్నీ ఇటీవలి సంచికల్లో ఉన్నాయి. పేజ్డ్.జేఎస్ కూడా ఉచితమే. బ్రౌజర్‌లోనే పేజీలు కట్టి చూపిస్తుంది కాబట్టి రూపకల్పన చేసేవారికి కంటి ముందే మార్పు కనిపిస్తుంది.

వీటిలో వాణిజ్య సాధనం ప్రిన్స్. ఆస్ట్రేలియాలో పుట్టింది. నాణ్యతకు వంక పెట్టడం కష్టం. వాణిజ్యేతర వాడకానికి ఉచితమే గానీ మొదటి పేజీ మీద చిన్న ముద్ర పడుతుంది. ధర వేసి అమ్మే పుస్తకం, ఎంత నష్టానికి అమ్మినా, వాణిజ్యమే. ఒక కంప్యూటర్ లైసెన్సు సుమారు 500 డాలర్లు. డాలరును 85 రూపాయలుగా తీసుకుంటే 42,500. పేజీకి 30 రూపాయల చొప్పున డీటీపీ చేయించే ప్రచురణకర్త అనుకుందాం. 200 పేజీల పుస్తకానికి అతనికయ్యేది 6,000. ఒక్క ప్రిన్స్ లైసెన్సుతో ఏడు పుస్తకాల డీటీపీ అయిపోతుంది. ఏడాదికి రెండు పుస్తకాలు వేసేవారికి అది మూడున్నరేళ్ల కూలి. ఉచిత సాధనం చేయలేని పని ఫలానా అని చూపగలిగినప్పుడే అటు చూడాలి.

మూడో దారి టెక్ కుటుంబం: ఎక్స్‌ఎంఎల్‌ను ఎక్స్‌ఎస్‌ఎల్‌టీతో హెచ్‌టీఎంఎల్‌కు బదులు టెక్ అనే పేజీల అమరిక భాషలోకి మార్చి పీడీఎఫ్ తీయడం. డోనాల్డ్ నూత్ 1978లో రూపొందించిన టెక్‌కు 2004లో జోనథన్ క్యూ యూనికోడ్ రూపమిచ్చి జీటెక్ అన్నాడు. 2013 నుంచి అదీ హార్ఫ్‌బజ్ మీదే నడుస్తోంది. ఇందులో ఫాంటును పిలిచేటప్పుడు లిపి తెలుగని తప్పనిసరిగా చెప్పాలి. చెప్పకపోతే ఒత్తులన్నీ విడిపోయి పొల్లులతో అచ్చవుతాయి. కొత్తగా ప్రయత్నించి 'దీనికి తెలుగు రాదు' అని వదిలేసేవారిలో చాలామంది ఆ ఒక్క మాట మరిచినవారే.

టెక్ గొప్పతనం తెలుగులో ఒక చోట తేటతెల్లంగా కనిపిస్తుంది. తెలుగు మాటలు అతుక్కుని పొడుగవుతాయి. 'చెప్పుకోలేకపోతున్నాననుకుంటూనే' వంటి మాట డెమీ 1/8 (మామూలు తెలుగు పుస్తకం కొలత) పేజీలో పంక్తిలో సగం దాకా ఆక్రమిస్తుంది. అది ఇమడక కింది పంక్తికి దిగితే, పైన మిగిలిన నాలుగైదు మాటలు కుడి అంచును అందుకోవడానికి పళ్లు ఊడిన నోరులా విడిపోతాయి. వీజీప్రింట్, బ్రౌజర్లు మామూలుగా పంక్తి వెంట పంక్తి నింపుకుంటూ పోతాయి. టెక్ పేరా మొత్తాన్ని ఒకేసారి చూసి, ఎక్కడ విరిస్తే మొత్తం మీద ఖాళీలు సమంగా ఉంటాయో లెక్కగడుతుంది. మాటను అక్షరాల మధ్య విరవనిస్తే రెండు దారుల్లోనూ పేజీ మెరుగవుతుంది. తెలుగు విరుపు నియమాలు టెక్‌లోనూ లిబ్రేఆఫీస్ నిఘంటువుల్లోనూ ఉన్నాయి. పంక్తి చివర హైఫన్ పెట్టే అలవాటు, పెట్టని అలవాటు రెండూ తెలుగు ముద్రణలో ఉన్నాయి గనుక అది ప్రచురణకర్త అభిరుచి. కుడి అంచును సరిచేయకుండా వదిలేయడం ఇంకో ఉపాయం. కవిత్వానికి ఎలాగూ అదే పద్ధతి, కథలకు మాత్రం తెలుగు పాఠకుడి కన్ను ఇంకా ఒప్పుకోదు.

పంక్తుల మధ్య ఎడం గురించీ ఒక మాట. ఇంగ్లిషు పుస్తకాల కొలతలతో వచ్చిన శైలి ఫైలును ఉన్నదున్నట్టు వాడితే పై పంక్తి ఒత్తులు కింది పంక్తి గుడులను తాకుతాయి. 12 పాయింట్ల అక్షరానికి 17, 18 పాయింట్ల ఎడం ఇస్తేనే తెలుగు ఊపిరి పీల్చుకుంటుంది.

పద్యం ఉన్న పుస్తకం అసలు పరీక్ష. సీసపద్యంలో ఒక్కో పాదం ఎంత పొడుగంటే డెమీ పేజీలో ఒక పంక్తిలో పట్టదు. అందుకే ప్రతి పాదాన్ని రెండుగా విరిచి, రెండో సగాన్ని లోపలికి జరిపి వేయడం ఆనవాయితీ. కింద తేటగీతి గానీ ఆటవెలది గానీ వస్తుంది, దాని ఎడం వేరు. వర్డ్‌లో ఇదంతా స్పేసు బార్ నొక్కి నెట్టిన అమరిక. పుస్తకం కొలత మారితే మొత్తం చెదిరిపోతుంది. ఎక్స్‌ఎంఎల్‌లో పద్యం ట్యాగుకు 'సీసం' అన్న గుర్తు ఒక్కటి తగిలిస్తే, పాదాలు ఎంత లోపలికి జరగాలో శైలి ఫైలులో ఒకసారి రాస్తే చాలు. పద్యం రెండు పేజీల మధ్య చీలకూడదన్న నియమమూ అక్కడే.

ప్రతిపదార్థాలు, పాఠాంతరాలు ఉండే పరిష్కృత గ్రంథానికి మాత్రం టెక్‌ను మించినది ఉచితంలో లేదు. చెన్నై ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో తెలుగు తాళపత్రాలు ఉన్నాయి. అటువంటి ప్రతులు మూడింటిని పోల్చి వేసే కావ్యంలో ఒకే పేజీ అడుగున రెండంచెల జ్ఞాపికలు కావాలి: పాఠభేదాలు ఒక వరుస, వివరణలు మరో వరుస. రెల్‌ఈడ్‌మ్యాక్ అనే ప్యాకేజీ ఈ పని కోసమే ఉంది. సీఎస్‌ఎస్ దారిలో దీన్ని సాధించబోవడం గాడిద చాకిరీ. సైల్, టైప్‌స్ట్ వంటి కొత్త సాధనాలు చురుకైనవే, టైప్‌స్ట్ నేర్చుకోవడం టెక్ కన్నా సులువు కూడా. కానీ ఇరవై ఏళ్ల తర్వాత తెరవాల్సిన పుస్తకాన్ని వాటికి అప్పగించడానికి ఇంకొన్నాళ్లు ఆగడం మంచిది.

కథలు, నవలలు, వ్యాసాలకు వీజీప్రింట్, పద్యగ్రంథాలకు పరిష్కృత పాఠాలకు జీటెక్, రెండింటికీ మూలం ఒకే తీరు ఎక్స్‌ఎంఎల్. చెన్నైలో చిన్న తెలుగు ప్రచురణకర్తకు తగిన ఏర్పాటు ఇదే. ఇక్కడి ప్రచురణకర్తకు హైదరాబాదు, విజయవాడ వారికి అంత తేలికగా దొరకని వెసులుబాటు ఒకటుంది. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ రాయడమే పగటి ఉద్యోగంగా ఉన్నవారు ఈ నగరంలో వీధికొకరు దొరుకుతారు. వారిలో తెలుగు చదవగలిగినవారు ఒక్కరు చేతికందితే, నాలుగు ఆదివారాల పనితో శైలి ఫైలు తయారవుతుంది. ఆ పనికి డబ్బు ఇవ్వాలి, మొహమాటం పనికిరాదు. అది ఒక్కసారి పెట్టే ఖర్చు, తర్వాతి ప్రతి పుస్తకం దాన్ని పంచుకుంటుంది. నెలనెలా చందా కట్టే సాఫ్ట్‌వేర్‌కు ఈ గుణం లేదు.

రచయితల చేత ట్యాగులు పెట్టించాలన్న ఆశ మాత్రం ఎవరూ పెట్టుకోకూడదు. రచయిత పంపేది వర్డ్ ఫైలే, ఒక్కోసారి వాట్సాప్ సందేశాల దొంతర. పాండాక్ అనే ఉచిత సాధనం వర్డ్ ఫైలును ఎక్స్‌ఎంఎల్‌గానో హెచ్‌టీఎంఎల్‌గానో మారుస్తుంది. శీర్షికలకు వర్డ్‌లోని శైలులే వాడితే అవి ట్యాగులుగా వస్తాయి. మిగతావి సంపాదకుడు చేత్తో దిద్దాలి. 200 పేజీల కథాసంపుటికి ఇది రెండు మూడు సాయంత్రాల పని, పద్యగ్రంథానికి రెండు వారాలు. ప్రూఫుల దగ్గర ఇంకొక చిక్కు. ప్రూఫు కాగితం మీద ఎర్ర సిరాతో దిద్దిన తప్పును పీడీఎఫ్‌లో కాదు, మూలంలో దిద్దాలి. ప్రెస్సుకు వెళ్లే ముందు రాత్రి ఎవరో పీడీఎఫ్‌లోనే ఒక అక్షరం మార్చేశారంటే, మూలం అబద్ధం చెప్పడం మొదలవుతుంది.

ప్రెస్సువారికి ఈ ఎక్స్‌ఎంఎల్ గొడవ పట్టదు, వారికి కావలసింది రెండు. ఒకటి, పేజీలు ఫారం (ఒకే పెద్ద కాగితం మీద అచ్చయ్యే పేజీల కట్ట) లెక్కకు సరిపోవాలి. 16 పేజీల ఫారాలైతే 160 పేజీలు పది ఫారాలు. పుస్తకం 163 వచ్చిందంటే మూడు పేజీల కోసం పదకొండో ఫారం ఎక్కాలి, కాగితం వృథా. శైలి ఫైలులో పంక్తుల ఎడాన్ని 18 నుంచి 17.5కు తగ్గించి మళ్లీ నడిపితే నిమిషంలో 160కి లోపే దిగుతుంది. పేజ్‌మేకర్‌లో ఇదే పనికి ఆపరేటర్ పూట గడిచిపోతుంది. రెండోది నలుపు. బ్రౌజర్ల నుంచి వచ్చే పీడీఎఫ్‌లో నలుపు తెర రంగుల లెక్కలో ఉంటుంది. ప్రెస్సులో దాన్ని నాలుగు సిరాల నలుపుగా విడదీస్తే సన్నటి ఒత్తుల అంచులు మసకబారతాయి. ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ఉచిత సాధనంతో పీడీఎఫ్‌ను బూడిద రంగుల లెక్కలోకి మార్చి పంపితే ఒక్క నల్ల సిరాతోనే అచ్చవుతుంది. అట్టకు ఈ దారి వద్దు, దాన్ని బొమ్మలు గీసేవారికే వదిలేయాలి.

జీవితంలో ఒకే పుస్తకం వేసుకునే రచయితకు ఇదంతా అక్కర్లేదు. లిబ్రేఆఫీస్‌లో యూనికోడ్ ఫాంటుతో, శీర్షికలకు శైలులు వాడి, పీడీఎఫ్ తీసుకుంటే చాలు. మూడో పుస్తకం దగ్గర, లేదా మొదటి పుస్తకం రెండో ముద్రణకు వచ్చిన రోజున, ఎక్స్‌ఎంఎల్ గురించి ఆలోచించవచ్చు.

మొదలుపెట్టినవారు దాచుకోవలసింది ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఒక్కటే కాదు. శైలి ఫైలు, వాడిన సాధనం సంచిక సంఖ్య, ముఖ్యంగా ఆ రోజు వాడిన ఫాంటు ఫైలు ఒకే సంచిలో ఉండాలి. ఫాంటు కొత్త సంచికలో ఒక్క 'మ' వెడల్పు వెంట్రుకవాసి మారినా పంక్తులు వేరే చోట విరుగుతాయి, పేజీలు జరుగుతాయి. అప్పుడు 163 పేజీల తలనొప్పి మళ్లీ మొదటికి వస్తుంది.